వద్దన్న ఫోల్డర్ సెర్చ్‌లో వస్తూనే ఉంటే ఏం చేయాలి

కడపలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఏ డీటీపీ అంగడికి పోయినా మానిటర్ కొంచెం పార్టీ వైపు, అంటే పని చేయించుకునే మనిషి వైపు, తిప్పే ఉంటుంది. పేరు, సర్వే నంబరు, హద్దులు సరిగ్గా పడ్డాయో లేదో ఆయన చూసి చెప్పాలి కదా. ఆపరేటర్ స్టార్ట్ దగ్గర "రామ" అని కొట్టగానే నిన్న వచ్చిన ఇంకో రామయ్య భాగపరిష్కార దస్తావేజు, మొన్నటి రామలక్షుమ్మ ఆధార్ స్కాన్ వరుసగా తెర మీద పడతాయి. ఎదురుగా నిలబడిన మనిషి "అన్నా, ఆయప్ప మా చిన్నాయన గదా, పంపకాల కాగితాలు నీ తావ రాయించుకున్నాడా?" అని అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. రెండు కుటుంబాల మధ్య గొడవకు ఆ ఒక్క వరుస చాలు.

అందుకే చాలామంది సెట్టింగ్స్‌లోకి పోయి, పార్టీల ఫైళ్లున్న ఫోల్డర్‌ను సెర్చ్ నుంచి తీసేస్తారు. తీసేసిన తర్వాత కూడా అవే పేర్లు వస్తుంటాయి. "సాఫ్ట్‌వేర్ మన మాట వినడం లేదు" అని వదిలేస్తారు. ఒక్కోసారి అది నిజంగానే వినదు. ఎక్కువసార్లు మాత్రం మనం ఒక చోట వద్దన్నది ఇంకో మూడు చోట్ల మిగిలి ఉంటుంది. ఈ రెండింటిలో మీ సమస్య ఏదో తేల్చుకుని, దాన్ని ఎలా సరిచేయాలో ఇక్కడ చెప్తాను. అంగళ్లలో ఎక్కువగా ఉండేది విండోస్ 10, 11 కాబట్టి ముందు వాటి సంగతి వివరంగా చూద్దాం. లైనక్స్, మ్యాక్ వాడేవాళ్లకు చివర్లో కొంత ఉంది.

ఇండెక్స్ అంటే ఏమిటో ముందు రెండు మాటలు

విండోస్ సెర్చ్ అనే సర్వీసు మీ పని జరుగుతుండగానే వెనక నుంచి ఫోల్డర్లు తిరుగుతుంది. ఫైల్ పేరు, తేదీ, సైజు, రాసినవారి పేరు లాంటివి రాసుకుంటుంది. వర్డ్, పీడీఎఫ్, నోట్‌ప్యాడ్ ఫైళ్లయితే లోపలి మాటలు కూడా తీసుకుంటుంది. ఇదంతా ఒకే పెద్ద డేటాబేస్ ఫైల్‌లో పెడుతుంది, దాన్నే ఇండెక్స్ అంటారు, రాసుకునే సర్వీసును ఇండెక్సర్ అంటారు. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల మైక్రోసాఫ్ట్, సెర్చ్, డేటా, అప్లికేషన్స్, విండోస్ అని వరుసగా పోతే ఆ ఫైల్ కనిపిస్తుంది. విండోస్ 10లో దాని పేరు విండోస్ డాట్ ఈడీబీ, 11లో విండోస్ డాట్ డీబీ. మీరు వెతికినప్పుడు విండోస్ డిస్క్ అంతా తిరగదు, ఈ ఫైల్‌లో చూసి చెప్తుంది.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఫోల్డర్‌ను మినహాయించడం అంటే "ఇకమీదట అటు పోవద్దు" అని చెప్పడం. ఇంతకుముందే రాసుకున్నది కొట్టేయడం వేరే పని. విండోస్ ఆ పని కూడా చేస్తుంది కానీ తీరిగ్గా చేస్తుంది. మీరు కీబోర్డు మీద పనిలో ఉంటే వేగం తగ్గించుకుంటుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ఆగిపోవచ్చు కూడా. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఆగకుండా టైపింగ్ నడిచే అంగడిలో దానికి తీరిక ఎప్పుడు దొరుకుతుంది?

మొదట పరీక్ష పెట్టండి

సెట్టింగ్స్ ముట్టుకోకముందే ఇది చేయండి. పది నిమిషాల పని.

నోట్‌ప్యాడ్ తెరిచి, ఎక్కడా ఎవరూ వాడని ఒక మాట రాయండి. ఉదాహరణకు "ఇసుకపల్లకి". దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి, ఎందుకో కింద చెప్తాను. ఈ ఫైల్‌కు లోపలి మాటతో సంబంధం లేని ఇంకో వింత పేరు పెట్టండి, "ఉల్లిగోపురం" అనుకుందాం. దీన్ని మీరు మినహాయించిన ఫోల్డర్‌లో సేవ్ చేయండి. ఇప్పుడు ఇలాంటిదే రెండో ఫైల్ చేయండి. లోపల "వెన్నెలగంప", పేరు "తాటిబొంగరం". దీన్ని మాత్రం మామూలుగా సెర్చ్‌లో వచ్చే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెట్టండి. ఈ రెండో ఫైల్ చాలా ముఖ్యం. ఇండెక్సర్ అసలు పనిచేస్తోందో లేదో చెప్పే సాక్షి అదే.

కాసేపు సిస్టమ్‌ను ముట్టుకోకుండా వదిలేయండి. భోజనానికి పోయి రండి. తిరిగొచ్చాక స్టార్ట్ మెనూ తెరిచి, పైన డాక్యుమెంట్స్ అన్నది ఎంచుకుని, నాలుగు మాటలనూ ఒక్కొక్కటిగా కొట్టి చూడండి. ఫోల్డర్ తెరిచి, లోపల కుడివైపు పైన ఉండే సెర్చ్ పెట్టెలో మాత్రం వెతకకండి. ఇక్కడే సగం మంది పొరబడతారు. ఇండెక్స్‌లో లేని ఫోల్డర్‌లోకి మీరే పోయి వెతికితే విండోస్ అప్పటికప్పుడు ఆ ఫోల్డర్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తిరగేసి చూపిస్తుంది. పైన అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతూ పోవడం చూసే ఉంటారు, అదే ఆ పని. ఫలితం వచ్చినంత మాత్రాన ఫైల్ ఇండెక్స్‌లో ఉన్నట్టు కాదు. పైగా ఫోల్డర్ ఆప్షన్స్‌లో సెర్చ్ ట్యాబ్ కింద "ఆల్వేస్ సెర్చ్ ఫైల్ నేమ్స్ అండ్ కంటెంట్స్" అన్న చోట టిక్ ఉంటే, ఇండెక్స్ చేయని ఫోల్డర్లలో లోపలి మాటలు కూడా వెతికి పెడుతుంది. ఆ టిక్ ఉంటే తీసేయండి.

ఇప్పుడు ఫలితం చూద్దాం. డాక్యుమెంట్స్‌లోని రెండు మాటలూ వచ్చి, మినహాయించిన ఫోల్డర్‌లోని రెండూ రాకపోతే మీ సెట్టింగ్ పనిచేస్తోంది. ఇంకా కనిపిస్తున్న పాత పేర్లు వేరే చోటు నుంచి వస్తున్నాయన్నమాట. డాక్యుమెంట్స్‌లోవి కూడా రాకపోతే ఇండెక్సర్ ఇంకా అక్కడిదాకా రాలేదు లేదా ఆగిపోయింది. ఈ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకాసేపు ఆగి మళ్లీ చూడండి. మినహాయించిన ఫోల్డర్‌లో "ఉల్లిగోపురం" అన్న పేరు మాత్రం వచ్చి లోపలి "ఇసుకపల్లకి" రాకపోతే మీరు తీసేసిన టిక్ వేరేది, దాని సంగతి కిందే ఉంది. నాలుగూ వస్తే మాత్రం మీ మినహాయింపును సాఫ్ట్‌వేర్ నిజంగానే పట్టించుకోవడం లేదు.

ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే, మన అంగళ్లలో చాలాచోట్ల తెలుగు టైపింగ్ అను ఫాంట్లలోనే ఇంకా నడుస్తోంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే అక్షరాల పద్ధతి వాటిలో ఉండదు. తెర మీద "విక్రయ దస్తావేజు" అని కనిపించినా ఫైల్ లోపల ఉండేది గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఇండెక్స్‌లోకి పోయేవి కూడా అవే. మీరు యూనికోడ్ కీబోర్డుతో "విక్రయ" అని వెతికితే ఏమీ రాదు. అది చూసి మినహాయింపు పనిచేస్తోందని ధైర్యపడితే కష్టం. అదే ఫైల్‌లో ఇంగ్లీషు అంకెల్లో ఉన్న ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు మామూలు అక్షరాల ఫాంట్‌లో కొట్టి ఉంటే అవి శుభ్రంగా దొరుకుతాయి. నిజానికి దాచాల్సినవి అవే కదా.

ఇండెక్స్ కాకుండా ఇంకెక్కడి నుంచి వస్తాయి

పరీక్ష నెగ్గినా పేర్లు కనిపిస్తుంటే, మొదట అనుమానించాల్సింది ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితాను. ఇండెక్స్‌కు దీనికీ సంబంధం లేదు. ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను మినహాయించినా, మీరు ఒకసారి తెరిచారంటే దాని పేరు ఈ జాబితాలోకి ఎక్కుతుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో జనరల్ ట్యాబ్ కింద ప్రైవసీ అన్న భాగం ఉంటుంది. అక్కడ ఈమధ్య వాడిన ఫైళ్లను, తరచుగా వాడే ఫోల్డర్లను చూపించే టిక్‌లు తీసి, పక్కనే ఉన్న క్లియర్ నొక్కండి. తర్వాత సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్‌కు పోయి, ఈమధ్య తెరిచినవి చూపించే స్విచ్ ఆపేయండి. వర్డ్, పీడీఎఫ్ రీడర్ ఒక్కోటీ తమ సొంత జాబితా పెట్టుకుంటాయి, వాటిలోనూ విడిగా తీసేయాలి.

రెండోది వేరే ఇండెక్సర్. ఎవ్రీథింగ్ అన్న చిన్న సాఫ్ట్‌వేర్ మన దగ్గర బాగా పాపులర్, నాకూ ఇష్టమే, ఎంత పెద్ద డిస్క్‌లోనైనా పేరు క్షణంలో వెతికి పెడుతుంది. అది విండోస్ ఇండెక్స్‌ను అస్సలు వాడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను డిస్క్‌లో అమర్చే పద్ధతి) డిస్క్‌లో ఉండే ఫైళ్ల పట్టికను నేరుగా చదువుకుంటుంది. కాబట్టి విండోస్‌లో మీరు పెట్టిన మినహాయింపులు దానికి తెలియవు. దాని టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో ఇండెక్సెస్, దాని కింద ఎక్స్‌క్లూడ్ అన్న పేజీ ఉంటుంది. అక్కడ మినహాయింపుల జాబితాను ఆన్ చేసి ఫోల్డర్‌ను విడిగా చేర్చాలి.

మూడోది మెయిల్. పార్టీ స్కాన్‌ను మెయిల్‌లో పంపితే, అవుట్‌లుక్ వాడే సిస్టమ్‌లో ఆ మెయిల్, దానికి తగిలించిన ఫైల్ రెండూ ఇండెక్స్‌లోకి పోవచ్చు. ఇండెక్సింగ్ ఆప్షన్స్ జాబితాలో మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ అని కనిపిస్తే అది కూడా నమోదవుతోందన్నమాట. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల లెక్కలు చూసే ఆడిటర్ ఆఫీసులాంటి చోట్ల అవుట్‌లుక్ వాడకం ఉంటే ఈ వరుసను తప్పకుండా చూడండి.

నాలుగోది అన్నింటికన్నా మామూలు సంగతి, కాపీలు. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. ఆపరేటర్ దాన్ని పార్టీ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తాడు, డౌన్‌లోడ్స్‌లోది అట్లే ఉంటుంది. ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ యూజర్స్ కింద ఉంటుంది కాబట్టి మామూలుగా ఇండెక్స్ అవుతుంది. తెర మీద వచ్చిన పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. ఏ ఫోల్డర్ తెరుచుకుంటుందో చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

సెట్టింగ్ సరైన చోటే పెట్టారా

ఇప్పుడు అసలు మరమ్మతు. స్టార్ట్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ అని కొట్టి తెరవండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద కూడా సెర్చ్ పేజీ ఉంటుంది, 10లో సెట్టింగ్స్‌లోనే సెర్చ్ అని విడిగా ఉంటుంది. అక్కడ క్లాసిక్, ఎన్‌హాన్స్‌డ్ అని రెండు పద్ధతులు కనిపిస్తాయి. క్లాసిక్ అంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటి కొన్ని చోట్లే. ఎన్‌హాన్స్‌డ్ అంటే కంప్యూటర్ మొత్తం. అంగడి సిస్టమ్‌లో ఎన్‌హాన్స్‌డ్ పెట్టి ఉంటే ముందు క్లాసిక్‌కు మార్చండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోతుంది.

ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మోడిఫై నొక్కితే రెండు భాగాలున్న కిటికీ వస్తుంది. పైన టిక్‌లున్న ఫోల్డర్ల చెట్టు, కింద ఎంచుకున్న వాటి పట్టిక. కిందున్న షో ఆల్ లొకేషన్స్ తప్పకుండా నొక్కండి. నొక్కకపోతే కొన్ని చోట్లు మీకు కనిపించవు. పైన చెట్టులో మీ ఫోల్డర్ ముందు టిక్ తీసినా, దాని లోపల ఉన్న ఏదో ఒక ఫోల్డర్‌కు విడిగా టిక్ ఉంటే అది ఇండెక్స్ అవుతూనే ఉంటుంది. పార్టీ ఫైల్స్‌కు టిక్ తీసి, దాని లోపలి 2024 ఫోల్డర్‌కు ఎప్పుడో పెట్టిన టిక్ మిగిలిపోతే, కొత్తవి రావు, 2024వి మాత్రం వస్తుంటాయి. కాబట్టి చెట్టును లోపలిదాకా విప్పి చూడండి. కింద పట్టికలో ఎక్స్‌క్లూడ్ అన్న నిలువు వరుసలో మీ ఫోల్డర్ పేరు ఉందో లేదో చూస్తే అనుమానం తీరుతుంది.

పేరు మాత్రం వచ్చి లోపలి మాట రాని వాళ్ల సంగతి ఇది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ అని పోతే "అలౌ ఫైల్స్ ఇన్ దిస్ ఫోల్డర్ టు హ్యావ్ కంటెంట్స్ ఇండెక్స్‌డ్ ఇన్ అడిషన్ టు ఫైల్ ప్రాపర్టీస్" అని ఒక టిక్ ఉంటుంది. చాలామంది ఇదే మినహాయింపు అనుకుంటారు. వాక్యాన్ని మెల్లగా చదివితే అర్థమవుతుంది. తీసేస్తున్నది లోపలి విషయం ఒక్కటే, పేరు, తేదీ లాంటివి ఇండెక్స్‌లో ఉంటూనే ఉంటాయి. "రామలక్షుమ్మ ఆధార్" అన్నది ఫైల్ పేరైతే ఈ టిక్ తీసి ప్రయోజనం లేదు. పైగా వేరే ఫోల్డర్ నుంచి కట్ చేసి ఇక్కడికి తెచ్చిన ఫైల్ తన పాత గుర్తుతోనే వస్తుంది. దీన్ని నమ్ముకోకండి, మోడిఫై దగ్గరే తీయండి.

మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ స్టోరేజీ అయిన వన్‌డ్రైవ్ ఇంకో చిక్కు. విండోస్ పెట్టేటప్పుడు బ్యాకప్ కావాలా అని అడిగితే అవునని నొక్కేసి ఉంటారు. దాంతో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. తెర మీద చూస్తే అదే డెస్క్‌టాప్, అసలు దారి మాత్రం వేరు. మీరు పాత దారిని మినహాయించి ఉంటే అది ఖాళీ ఇంటికి తాళం వేసినట్టే. ఏదైనా ఫైల్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ చదవండి. అందులో వన్‌డ్రైవ్ అని ఉంటే కొత్త దారిలోని ఫోల్డర్‌ను తీయండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని ఫైళ్లను వెతికే సదుపాయం కూడా సెర్చ్ సెట్టింగ్స్‌లో క్లౌడ్ కంటెంట్ సెర్చ్ అని ఉంటుంది, దాన్ని ఆపేయండి. అదే పేజీలో పాత సెర్చ్ చరిత్రను తుడిచే బటన్ కూడా ఉంది.

రెండు మూడు సిస్టమ్‌లు కలిపిన ఆఫీసైతే, ఫోల్డర్ ఏ సిస్టమ్ డిస్క్‌లో ఉందో ఆ సిస్టమ్‌లోనే ఇదంతా చేయాలి. పక్క సిస్టమ్‌లో చేస్తే దీనికి వర్తించదు.

పాత ఇండెక్స్‌ను కొట్టేయడం

సెట్టింగ్ సరిచేశాక ఇండెక్స్‌ను మళ్లీ కట్టించండి. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే రీబిల్డ్ అన్న బటన్ ఉంటుంది. నొక్కగానే పాత డేటాబేస్ పోయి మొదటి నుంచి మొదలవుతుంది. ఫైళ్లకు ఏమీ కాదు, టెన్షన్ పడక్కర్లేదు. సెర్చ్ ఫలితాలు మాత్రం పూర్తయ్యేదాకా అరకొరగా వస్తాయి.

ఎక్కువ ఫైళ్లుంటే గంటలు పడుతుంది. అందుకని సాయంత్రం అంగడి కట్టేటప్పుడు మొదలుపెట్టి, స్లీప్‌లోకి పోకుండా పవర్ సెట్టింగ్ మార్చి వదిలేయండి. మన దగ్గర ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ బ్యాటరీ పాతబడి రెండు నిమిషాలు కూడా నిలబడకపోతే, రాయడం మధ్యలో సిస్టమ్ ఠక్కున ఆగిపోయి డేటాబేస్ చెడిపోయే అవకాశం ఉంది. చెడిన ఇండెక్స్ పాత ఫలితాలు చూపించవచ్చు, కొత్తవి వదిలేయవచ్చు. "సెట్టింగ్ మార్చినా వినడం లేదు" అన్న ఫిర్యాదు వెనక ఇదొక కారణం. ముందు బ్యాటరీ సంగతి చూసుకుని రీబిల్డ్ పెట్టండి. ఇండెక్సింగ్ ఆప్షన్స్ పైన "ఇండెక్సింగ్ కంప్లీట్" అని వచ్చాక, మొదట చేసిన పరీక్షను కొత్త మాటలతో మళ్లీ చేయండి. పాత మాటలే వాడితే సెర్చ్ చరిత్రలో మిగిలినవి తికమక పెడతాయి.

అయినా వినకపోతే

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. అన్నింటినీ లోపల పెట్టి ఒకదాన్ని వద్దనడం కన్నా, అన్నింటినీ బయట ఉంచి కావలసినవాటినే లోపలికి రానివ్వడం మేలు. మినహాయింపు అన్నది ఒక తప్పు టిక్‌తో పోతుంది. కొత్త ఫోల్డర్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. అదే ఇండెక్స్ హద్దు బయట ఉన్న ఫోల్డర్ గురించి ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనవసరం లేదు.

మోడిఫై కిటికీలో యూజర్స్ టిక్ తీసేయండి. మీరు రోజూ వెతికే నమూనా దస్తావేజులు, ఖాళీ ఫారాలు, శుభలేఖల డిజైన్లు ఉన్న ఫోల్డర్లకు మాత్రం టిక్ పెట్టండి. పార్టీల ఫైళ్లను సి డ్రైవ్‌లోని యూజర్స్ కింద ఉంచకుండా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌కు మార్చండి. వాట్సాప్, బ్రౌజర్ డౌన్‌లోడ్‌లు కూడా నేరుగా అక్కడికే పోయేలా వాటి సెట్టింగ్స్‌లో మార్చండి. మార్చాక డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్‌లో మిగిలిన పాత కాపీలు తీసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

విండోస్ ప్రో ఉంటే ఇంకో గట్టి దారి ఉంది. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, సెర్చ్ వరుసలో పోతే "ప్రివెంట్ ఇండెక్సింగ్ సర్టెన్ పాత్స్" అని ఉంటుంది. అక్కడ ఇచ్చిన దారిని ఆ సిస్టమ్ వాడేవాళ్లెవరూ మళ్లీ ఇండెక్స్‌లో చేర్చలేరు. దారి ముందు ఫైల్ అన్న ఇంగ్లీషు పదం, కోలన్, మూడు స్లాష్‌లు పెట్టి, చివర నక్షత్రం గుర్తు ఉంచాలి. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు.

ఇవన్నీ చేసినా నాలుగు మాటలూ వస్తున్నాయంటే ఇండెక్సర్‌నే ఆపేయండి. సర్వీసెస్ తెరిచి, విండోస్ సెర్చ్ మీద డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ను డిసేబుల్డ్ చేసి, స్టాప్ నొక్కండి. ప్రింటింగ్, టైపింగ్ తప్ప వేరే పని లేని సిస్టమ్‌కు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఫోల్డర్లలో వెతకడం నెమ్మదిస్తుంది, అవుట్‌లుక్ వాడితే అందులోనూ అంతే. ఒక్క జాగ్రత్త. సర్వీసు ఆగినా డేటాబేస్ ఫైల్ డిస్క్‌లోనే కూర్చుని ఉంటుంది. సర్వీసు ఆగాక, పైన చెప్పిన ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోకి అడ్మినిస్ట్రేటర్‌గా పోయి ఆ ఫైల్‌ను కూడా తీసేయండి.

ఫైల్ పేరులో మనిషి పేరు వద్దు

ఇది సెట్టింగ్ కాదు, అలవాటు. దస్తావేజు లేఖరుల దగ్గర రిజిస్టర్ ఎలాగూ ఉంటుంది, వరుస నంబరుతో. ఫైల్ పేరు కూడా ఆ నంబరే పెట్టండి. "రామలక్షుమ్మ ఆధార్" బదులు "0412 ఐడీ". ఏ ఇండెక్సర్ ఏ సెట్టింగ్‌ను పట్టించుకోకపోయినా తెర మీద పడేది నంబరే. కొత్తగా పనికొచ్చిన పిల్లలకు ఇది మొదటి రోజే నేర్పాలి. ఆధార్ నంబరు పూర్తిగా అవసరం లేని పనులకు చివరి 4 అంకెలు మాత్రం కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి తీసుకోమని పార్టీనే అడగవచ్చు.

నిజంగా గుట్టుగా ఉండాల్సిన కాగితాలకు ఎన్‌క్రిప్షనే, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేయడమే సరైనది. వర్డ్, పీడీఎఫ్ ఫైల్‌ను తెరవడానికి పాస్‌వర్డ్ పెడితే లోపలి మాటలు ఇండెక్సర్‌కు అందవు, పేరు మాత్రం అందుతుంది. మామూలు జిప్ పాస్‌వర్డ్‌కు అంత బలం లేదు, లోపలున్న ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. వెరాక్రిప్ట్ అన్న ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానితో చేసిన పెట్టె మూసి ఉన్నంతసేపు లోపలి పేర్లు కూడా బయటికి రావు. తెరిచినప్పుడు అది ఒక కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది కాబట్టి, ఆ డ్రైవ్‌కు ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో టిక్ లేకుండా చూసుకోండి.

లైనక్స్, మ్యాక్ వాళ్లకు

లైనక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాడుతుంటే ఇండెక్సర్ పేరు బాలూ. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫైల్ సెర్చ్ పేజీలో ఫోల్డర్‌ను తీసేశాక పాత నమోదులు మిగిలాయనిపిస్తే, టెర్మినల్‌లో బాలూసీటీఎల్ కమాండ్‌కు పర్జ్ అని చేర్చి కొట్టండి. కేడీఈ వెర్షన్ ప్లాస్మా 6లో ఆ కమాండ్ పేరు చివర 6 అంకె కూడా ఉంటుంది. కేడీఈ ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో కూడా విండోస్‌లాంటి చిక్కే ఉంది, ఇండెక్స్ లేని ఫోల్డర్‌లో వెతికితే అది నేరుగా ఫైళ్లను తిరగేస్తుంది. కాబట్టి పరీక్షను బాలూసెర్చ్ కమాండ్‌తో చేయడం నమ్మకం. ఫోల్డర్‌కు సింబాలిక్ లింక్ వాడుతుంటే, లింక్ దారి కాకుండా అసలు దారి ఇవ్వండి.

గ్నోమ్ అన్న ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఈ పని చేసేది ట్రాకర్, గ్నోమ్ 47 నుంచి దాని పేరు లోకల్‌సెర్చ్. అక్కడ నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. మినహాయించాల్సిన ఫోల్డర్ లోపల డాట్ ట్రాకర్‌ఇగ్నోర్ అన్న పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెడితే చాలు. ఫోల్డర్‌ను ఎక్కడికి జరిపినా గుర్తు దానితోనే పోతుంది. ఆ తర్వాత రీసెట్ కమాండ్‌తో పాత ఇండెక్స్ తుడిచేయాలి. లైనక్స్‌లో ఈ సెట్టింగ్స్ ఒక్కో యూజర్‌కు విడివిడిగా ఉంటాయి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వేరే లాగిన్‌లతో వాడితే ఇద్దరి దగ్గరా చేయండి.

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్పాట్‌లైట్, అందులో సెర్చ్ ప్రైవసీలో ఫోల్డర్‌ను చేర్చండి. మాట వినకపోతే ఫోల్డర్ పేరు చివర డాట్ నోఇండెక్స్ అని తగిలించండి.

సిస్టమ్ చేతులు మారేటప్పుడు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా అంగళ్లలో పాత సిస్టమ్‌లు మారుతున్నాయి, పాతవాటిని అమ్మేస్తున్నారు లేదా ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తున్నారు. పార్టీల ఫైళ్లన్నీ డిలీట్ చేశామని ఊరుకుంటే, వాటి పేర్లు, లోపలి మాటలు ఆ ఇండెక్స్ ఫైల్‌లో ఇంకా మిగిలి ఉండే వీలుంది. అమ్మే ముందు సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీ తెరిచి, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, తర్వాత ఛేంజ్ సెట్టింగ్స్ నొక్కి క్లీన్ డేటాను ఆన్ చేయండి. డిస్క్ ఒకటికన్నా ఎక్కువ ఉంటే అన్ని డ్రైవ్‌లూ అన్నది కూడా ఎంచుకోండి. రిపేరుకు మాత్రమే ఇస్తున్నట్టయితే, ముందు పార్టీల ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి తీసుకుని, సిస్టమ్‌లోంచి తొలగించి, రీబిల్డ్ పూర్తయ్యాకే అంగడి దాటించండి.